ఆ తల్లికి ఏం జవాబు రాయాలి?



గత నెలలో ఒక తల్లి మా పత్రికకు ఉత్తరం రాశారు. ఊరి పేరు, సంఘం పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె కుమారుడికి ముప్పై ఏళ్లు దగ్గరపడుతున్నాయి, మంచి ఉద్యోగం ఉంది. సండే స్కూల్ నుంచి సంఘంలోనే పెరిగాడు, బాప్తిస్మం పొందాడు, ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయిస్తాడు. ఇంట్లో సంబంధాలు చూడటం మొదలుపెట్టాక ఒక రాత్రి తల్లిని కూర్చోబెట్టి, తనకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆడపిల్లల మీదికి మనసు పోలేదని, మగవారి మీదికే పోతోందని చెప్పాడట. ఎవరితోనూ తప్పు చేయలేదన్నాడు. పన్నెండేళ్లుగా దీని కోసమే ఉపవాసముండి ప్రార్థిస్తున్నానన్నాడు. ప్రభువును విడిచిపెట్టలేను, ఒక అమ్మాయి గొంతు కోయలేను అన్నాడు. తండ్రికి ఇంకా తెలియదు. చివరికి ఆ తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని మా అక్క అంటోంది. చేయమంటారా అయ్యగారూ?"

ఇలాంటి ఉత్తరం వస్తే నాలుగు వాక్య భాగాలు రాసి, ప్రార్థిస్తున్నామని చెప్పి పంపడం మాకు అలవాటు. ఈసారి అలా పంపడానికి మనసొప్పలేదు. ఇది ఆ ఒక్క తల్లి ప్రశ్న కాదు గనుక ఈ వారం సంపాదకీయంలోనే దీన్ని చర్చిస్తున్నాం.

మన సంఘాల్లో ఈ మాట ఎప్పుడైనా వస్తే విదేశీ వార్తగానే వస్తుంది, అదీ ఎక్కువగా వాట్సాప్‌లో, సగం తప్పుగా. అందుకని ముందు జరిగింది జరిగినట్టు చూద్దాం. అమెరికాలోని యునైటెడ్ మెథడిస్టు చర్చి 2024 ఏప్రిల్, మే నెలల్లో షార్లట్ నగరంలో జరిగిన మహాసభలో, స్వలింగ సంబంధాల్లో ఉన్నవారికి అభిషేకం ఇవ్వకూడదన్న పాత నిషేధాన్ని ఎత్తివేసింది. అంతకుముందే, 2019 నుంచి 2023 మధ్య, దాదాపు 7,600 సంఘాలు ఆ చర్చిని విడిచి వెళ్లాయి. అమెరికాలో దానికున్న సంఘాల్లో ఇది సుమారు నాలుగో వంతు. మన దగ్గరి మెథడిస్టు విశ్వాసులు కంగారు పడ్డారు గానీ, మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా 1981 నుంచి స్వతంత్ర సంఘం. షార్లట్ ఓటు దాని నియమావళిని మార్చదు.

చర్చి ఆఫ్ ఇంగ్లండ్ 2023 ఫిబ్రవరిలో స్వలింగ జంటల కోసం ప్రార్థనలను తన సినడ్‌లో ఆమోదించింది. అదే నెలలో గ్లోబల్ సౌత్ ఆంగ్లికన్ సంఘాల ప్రధాన బిషప్పులు కొందరు, కాంటర్బరీ ఆర్చిబిషప్పును తమలో ప్రథమునిగా ఇక గుర్తించబోమని ప్రకటించారు. ఇంత జరిగినా వివాహం స్త్రీ పురుషుల మధ్యనే అన్న ఆ చర్చి బోధను ఆ ఓటు మార్చలేదు. ఇక రోమ్ 2023 డిసెంబరు 18న విడుదల చేసిన పత్రం గురించి "పోపు గారు గే పెళ్లిళ్లకు ఒప్పుకున్నారు" అన్న సందేశం మనలో ఎంతమంది ముందుకు పంపలేదు! ఆ పత్రం చెప్పింది వేరు. అలాంటి జంట ఆశీర్వాదం కోరి వస్తే గురువు క్లుప్తంగా ప్రార్థించవచ్చు, అది వివాహంలా కనిపించకూడదు, వివాహ బోధ మారలేదు అని అది స్పష్టంగా చెప్పింది.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పు ఇచ్చింది. 2023 అక్టోబరు 17న అదే కోర్టు, వివాహం చేసుకోవడం ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో లేదని, స్వలింగ వివాహాలకు చట్టం చేయాలో లేదో శాసనసభలు తేల్చాలని చెప్పింది. కాబట్టి రేపు మన మందిరాల్లో బలవంతంగా ఇలాంటి పెళ్లిళ్లు చేయిస్తారన్న భయానికి ఇప్పుడు ఆధారం లేదు.

ఆ భయం పక్కన పెడితే మన ముందు మిగిలేది కీబోర్డు దగ్గర కూర్చున్న ఆ అబ్బాయి. అతడు మనతో వాదించడానికి రాలేదు. మనం నమ్మే లేఖనాన్నే అతడూ నమ్ముతున్నాడు. ఆ లేఖనానికి లోబడి బ్రతకాలనుకుంటున్నాడు. ఎలా బ్రతకాలో చెప్పమంటున్నాడు.

మన దగ్గర దొరికే మొదటి జవాబు "మారిపోతావు" అన్నది. ఈ జవాబును మనకన్నా ముందు, మనకన్నా ఎక్కువ డబ్బుతో, ఎక్కువ శ్రద్ధతో ప్రయత్నించి చూసినవారు ఉన్నారు. అమెరికాలో 1976లో ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే పరిచర్య మొదలైంది. ఎక్సోడస్ అంటే నిర్గమము. ఐగుప్తు నుంచి ఇశ్రాయేలీయులు వచ్చినట్టు స్వలింగాకర్షణ నుంచి బయటికి తీసుకొస్తామన్నది దాని ఆశ. దాని కింద రెండు వందలకు పైగా స్థానిక పరిచర్యలు పనిచేశాయి. ఉపవాసాలు, సలహా కూటములు, సాక్ష్యాలు, మహాసభలు అన్నీ జరిగాయి. వెళ్లినవారు నామకార్థ క్రైస్తవులు కారు. ప్రభువు కోసం తమ మనసునే మార్చుకోవాలని కన్నీటితో వెళ్లినవారు.

2012లో దాని అధ్యక్షుడు అలన్ చాంబర్స్ ఒక సభలో, తాను కలిసినవారిలో 99.9 శాతం మందిలో ఆకర్షణ మారలేదని ఒప్పుకున్నాడు. ఆయన స్వయంగా పెళ్లయినవాడు, తనలోనూ ఆ ఆకర్షణ పూర్తిగా పోలేదని దాచలేదు. 2013 జూన్‌లో ఆయన బహిరంగంగా క్షమాపణ అడిగాడు. ఆ వెంటనే సంస్థను మూసివేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. అప్పటికి ముప్పై ఏడేళ్లు. అందరూ ఆయనతో ఏకీభవించలేదన్నది కూడా నిజమే. మార్పు సాధ్యమేనని నమ్మినవారు అంతకు ఏడాది ముందే విడిపోయి మరో సంస్థ పెట్టుకున్నారు, అది నడుస్తోంది. కానీ ఆ పరిచర్యకు అధిపతిగా ఉన్నవాడే వచ్చి చెప్పిన సంగతిని మనం విననట్టు ఉండలేం.

ఆ తల్లి ప్రశ్నకు ఇంకా దగ్గరగా వచ్చే సంగతి ఒకటుంది. 1998లో న్యూస్‌వీక్ పత్రిక ముఖచిత్రంగా ఒక జంట ఫొటో వచ్చింది, జాన్ పాక్, ఆయన భార్య ఆన్. ఆయన ఒకప్పుడు గే, ఆమె లెస్బియన్. ఇద్దరూ మారి పెళ్లి చేసుకున్నామని సాక్ష్యమిచ్చారు. పెళ్లితో అన్నీ సర్దుకుంటాయనే వారందరికీ ఆ ఫొటోయే రుజువు. 2013లో జాన్ పాక్ తాను మారలేదని చెప్పి, తన సాక్ష్యం వల్ల గాయపడినవారిని క్షమాపణ అడిగాడు. ఆ వివాహం విడాకులతో ముగిసింది. ఆన్ మాత్రం తన నమ్మకాన్ని వదలలేదు, ఇప్పటికీ ఆ పరిచర్యలోనే ఉంది. ఆ ఇంట్లో పిల్లలున్నారు. వారి కుటుంబం గురించి ఇంతకన్నా మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

దేవునికి అసాధ్యమైనది లేదని మేమూ నమ్ముతాం. మారామని చెప్పేవారి సాక్ష్యాన్ని కొట్టిపారేయడం లేదు. అయితే మారకపోవడాన్ని అవిశ్వాసానికి గుర్తుగా ఎంచే హక్కు మనకెవరిచ్చారు? పౌలు తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు, అది తీసివేయబడలేదు, కృప ఇవ్వబడింది (2 కొరింథీ 12). పౌలుకు విశ్వాసం చాలలేదని ఏ ప్రసంగంలోనూ మేము వినలేదు. కీబోర్డు వాయించే అబ్బాయికి మాత్రం ఆ మాట చెప్పడానికి మన నోరు వెంటనే లేస్తుంది. స్వస్థత కూటాలకు వెళ్లి స్వస్థత పొందక తిరిగొచ్చినవారికి ఈ బాధ ఎలా ఉంటుందో తెలుసు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. దయ్యం పట్టిందని కట్టేసి కొట్టడం, రోజుల తరబడి అన్నం పెట్టకపోవడం, కరెంటు షాకులిచ్చే వైద్యుల దగ్గరికి తీసుకెళ్లడం, ఇవేవీ ప్రార్థన కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగాకర్షణను వ్యాధుల జాబితా నుంచి తీసివేసింది. ఆకర్షణను మార్చే చికిత్స అంటూ చేసేది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది, అంటే అలా చేసిన డాక్టరు మీద ఫిర్యాదు చేయవచ్చు.

మార్పు దొరకలేదు, విశ్వాసం వదలలేదు. అలాంటివారు ఏమయ్యారు? పాశ్చాత్య సంఘాల్లో వారు ముఖ్యంగా రెండు దారుల్లో నడిచారు. లేఖనం నిషేధించింది నమ్మకమైన స్వలింగ వివాహాన్ని కాదని, నాటి విగ్రహారాధననూ దోపిడీనూ మాత్రమేనని చదివేవారు ఒక వైపు. మాథ్యూ వైన్స్ 2014లో రాసిన పుస్తకం ఈ వాదనకు బాగా తెలిసిన రూపం. వారు లేఖనాన్ని ఎగతాళి చేసేవారు కారు, శ్రద్ధగానే చదివారు. అయినా రోమా 1వ అధ్యాయాన్నీ, ఆదికాండం నుంచి ప్రభువు మాటల వరకు వివాహం గురించి వచ్చే బోధనూ వారు చదివినట్టు చదవడం మాకు సాధ్యం కాలేదు. ఈ పత్రిక పాత బోధలోనే నిలబడుతోంది.

రెండో దారిలో వెళ్లినవారి గురించి మన సంఘాలు దాదాపు ఏమీ వినలేదు. వారు తాము గే అని దాచరు, సంఘపు పాత బోధనూ వదలరు, ప్రభువు కోసం ఒంటరి జీవితాన్ని ఎంచుకుంటారు. అమెరికన్ బైబిలు పండితుడు వెస్లీ హిల్ 2010లో ఈ జీవితం గురించి 'వాష్డ్ అండ్ వెయిటింగ్' అన్న పుస్తకం రాశాడు. అందులో విజయ గాథ తక్కువ, రాత్రుల ఒంటరితనం ఎక్కువ. ఇంగ్లండులో శామ్ ఆల్‌బెరీ, ఎడ్ షా అనే ఇద్దరు సేవకులు మరికొందరితో కలిసి 'లివింగ్ అవుట్' అనే పరిచర్యను నడిపారు.

వీరిని రెండు వైపుల నుంచీ కొట్టారు. నిన్ను నువ్వే అణచుకుంటున్నావని ఒక వైపు. మరో వైపు, "గే" అన్న మాట నీ నోట ఎందుకు, క్రీస్తునందు నువ్వు నూతన సృష్టివి కదా అని. 2017 నాటి నాష్‌విల్ ప్రకటనపై సంతకం చేసినవారు, స్వలింగాకర్షణను తన గుర్తింపుగా స్వీకరించడం దేవుని ఉద్దేశానికి విరుద్ధమన్నారు. 2018లో సెయింట్ లూయిస్‌లోని ఒక ప్రెస్బిటేరియన్ మందిరంలో ఇలాంటి విశ్వాసుల మహాసభ జరిగినందుకు ఆ శాఖలో నాలుగేళ్లు రచ్చ నడిచింది. చివరికి 2022లో ఆ సంఘం శాఖను విడిచిపెట్టింది. ఆ సంఘ కాపరి బ్రహ్మచారి, వివాహంపై పాత బోధనే నమ్మేవాడు. నడత మీద అభ్యంతరం లేదు, ఒక పదం మీద ఇంత గొడవ!

ఆ పదం గురించి మా అభిప్రాయం చెబుతాం. శామ్ ఆల్‌బెరీ "గే" అన్న మాట వాడడు, స్వలింగాకర్షణ గలవాడిని అంటాడు. వెస్లీ హిల్ వాడతాడు. ఇద్దరి జీవితమూ ఒకే వైపు నడిచింది. ఒక విశ్వాసి తనకున్న పోరాటాన్ని ఏ పేరుతో పిలుచుకుంటాడన్నది కాపరి ఓపికగా వినాల్సిన సంగతి, బహిష్కరణకు కారణం కాదు. పిల్లలు లేని స్త్రీ తన దుఃఖాన్ని తన పేరుతో చెప్పుకుంటే, ఆమె క్రీస్తును కాదని దుఃఖాన్నే గుర్తింపుగా ఎంచుకుందని మనం అనం.

ఇక్కడే మాకు సిగ్గుగా ఉంది. ఆ అబ్బాయితో "బాబూ, ఒంటరిగా ప్రభువు కోసం బ్రతుకు" అని చెప్పడం సులువు. ఒంటరిగా బ్రతికేవారికి మన సంఘంలో చోటుందా? పెళ్లికాని ముప్పై ఐదేళ్ల మనిషి ఆరాధన ముగిసి బయటికొస్తే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో అందరికీ తెలుసు. యౌవనస్థుల కూటంలో ఉండటానికి వయసు దాటిపోయింది, దంపతుల కూటానికి అర్హత లేదు. క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అతడు ఎవరింట్లో భోజనం చేస్తాడు? జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారు? పాస్టరు ఉద్యోగానికి సైతం పెళ్లయినవారినే తీసుకునే సంఘాలు మనకు తెలుసు, పౌలు దరఖాస్తు పెట్టినా కుదరదేమో.

మనం ఎప్పుడూ ఇలా లేము. గుంటూరులో 1883లో అడుగుపెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో చనిపోయేవరకు ఈ నేలనే సేవించింది, పెళ్లి చేసుకోలేదు. ఆమె పేరుతో ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. వేలూరులో ఐడా స్కడర్, డోనవూరులో ఏమీ కార్‌మైకేల్, అందరూ అవివాహితులే. వారికి ఈ పోరాటం ఉందని మేము అనడం లేదు, ఆ అర్థం ఎవరూ తీయవద్దు. మేము అడిగేది ఇంతే: ఆ తల్లుల ఫొటోలకు దండలు వేసే సంఘం, తన వరుసలో కూర్చున్న అవివాహితుణ్ణి చూసి ఎందుకు గుసగుసలాడుతుంది?

ప్రభువు మత్తయి 19:12లో నపుంసకుల గురించి చెప్పినప్పుడు, పుట్టుకతో అలా ఉన్నవారినీ, పరలోక రాజ్యం నిమిత్తం ఆ జీవితాన్ని స్వీకరించినవారినీ ఒకే ఊపిరిలో తలచాడు. యెషయా 56లో దేవుడు అలాంటివారికి తన మందిరంలో, తన ప్రాకారాల లోపల చోటు, కుమారులకన్నా కుమార్తెలకన్నా శ్రేష్ఠమైన పేరు వాగ్దానం చేశాడు. అపొస్తలుల కార్యములలో యెరూషలేము దాటి దూరదేశానికి సువార్తను మోసుకెళ్లిన ఐతియొపీయుడు నపుంసకుడే. వారు వేరు, నేటి స్వలింగాకర్షణ వేరు, ఒకటిగా కలపకూడదు. అయినా పెళ్లి, పిల్లలు లేనివారికి దేవుని ఇంట్లో చోటెక్కడన్న ప్రశ్నకు లేఖనం మౌనంగా లేదు. ఇల్లు, అక్కచెల్లెళ్లు, తల్లులు నూరంతలుగా దొరుకుతారని ప్రభువు మార్కు 10లో అన్నాడు. ఆ నూరంతలు ఆకాశం నుంచి ఊడిపడవు, మన ఇళ్లనుంచే రావాలి. వెస్లీ హిల్ ఒక స్నేహిత కుటుంబంతో ఒకే ఇంట్లో, వారి పిల్లలకు అయినవాడిగా జీవించిన సంగతి రాశాడు. మన పల్లెల్లో పెళ్లికాని మేనమామ, మేనత్త అలా ఉండటం నిన్నమొన్నటి వరకు వింత కాదు. అపార్టుమెంటుల్లోకి వచ్చాక మరచిపోయాం.

1998 లాంబెత్ మహాసభ తీర్మానాన్ని మన పెద్దలు తరచు ఉదహరిస్తారు. స్వలింగ సంపర్కం లేఖనానికి సరిపడదని అది చెప్పింది. అదే తీర్మానం, స్వలింగాకర్షణ గలవారి అనుభవాన్ని వింటామని, వారు దేవునిచే ప్రేమించబడినవారని, బాప్తిస్మం పొందిన విశ్వాసులు క్రీస్తు శరీరంలో పూర్తి అవయవాలని కూడా చెప్పింది. మనం మొదటి సగం కంఠస్థం చేశాం. రెండో సగం ఏ సంఘంలో చదివారో ఎవరైనా రాస్తే సంతోషిస్తాం.

ఇక ఆ తల్లికి మేము రాసిన జవాబు. కొంత భాగం ఇక్కడ ఇస్తున్నాం, ఆమె అనుమతి తీసుకున్నాం.

అమ్మా, ఆ పెళ్లి చేయవద్దు. మీ అక్కగారు ప్రేమతోనే చెప్పి ఉంటారు. కానీ ఆ పెళ్లిలో మీ అబ్బాయితో పాటు మరొకరు ఉంటారు. ఆ పిల్ల ఎవరి కూతురో మనకింకా తెలియదు. సంఘంలో పాటలు పాడుతూ, మంచి సంబంధం రావాలని ప్రార్థిస్తూ ఉండి ఉంటుంది. పెళ్లయ్యాక భర్త తన వైపు ఎందుకు చూడటం లేదో తెలియక, లోపం తనదే అనుకుంటుంది. అత్తింటివారు పిల్లలెప్పుడని ఆమెనే అడుగుతారు. మన సంఘాల్లో విడిపోవడం ఎంత కష్టమో మీకు తెలుసు. మీ బాబు ఆమెను మోసం చేయలేనన్నాడు. వాక్యం ప్రకారం నడవాలన్న కోరికతోనే అన్నాడు. ఆ మాట కోసం దేవునికి స్తోత్రం చెప్పండి.

వాళ్ల నాన్నగారికి బాబే చెప్పాలి, తనకు ధైర్యం వచ్చినప్పుడు. మీరు ముందుగా చెప్పవద్దు. స్త్రీల సమాజంలో ప్రార్థనాంశంగా పెట్టవద్దు. పేరు చెప్పకుండా పెట్టినా ఆదివారానికల్లా అందరికీ తెలిసిపోతుంది, ఇది మీకు మేము చెప్పాలా! మీ పాస్టరు గారు గుట్టు దాచే మనిషి అయితే బాబే వెళ్లి మాట్లాడవచ్చు. కాకపోతే అలాంటి సేవకుని పేరు మేము విడిగా రాస్తాం. అతడు నిద్ర మానేసినా, తిండి మానేసినా, బ్రతకాలని లేదన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన ఆపకండి, అయితే అతడి ముందు, అతడి గురించే ఏడుస్తూ రోజూ చేయకండి. అతడు పన్నెండేళ్లు అదే ప్రార్థన చేశాడు.

నేను పోయాక వాడికెవరుంటారని మీరు రాశారు. ఆ ప్రశ్నకు మా దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. మా సంపాదక వర్గంలో ఒకరి ఇల్లు మీ పట్టణంలోనే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక భోజనానికి రమ్మని బాబుకు చెప్పండి. ఏమీ అడగరు. వారింట్లో పాత హార్మోనియం ఒకటి ఉంది, రెండు మెట్లు పలకడం లేదట, చూసిపెట్టమన్నారు.